పెద్ద ఫాదర్‌కు కాఫీ బన్నులు

నాకు చిన్నప్పటి నుంచీ ఒక జబ్బు ఉంది. ఏ వస్తువైనా ఎలా తయారయిందో తెలిసేదాకా మనసు నిలవదు. భూపాలపల్లిలో మా క్వార్టర్ల వరసలో ఎవరింట్లో గోడ గడియారం ఆగినా మొదట నన్నే అనుమానించేవాళ్లు. ఆ అనుమానాల్లో సగం నిజమే. డిగ్రీ అయ్యాక జనగామలో ఒక బేకరీలో కౌంటర్ దగ్గర పని దొరికితే, నెల తిరక్కుండానే కౌంటర్ వదిలి వెనక బట్టీ దగ్గర తేలాను. మైదా ఎందుకు పొంగుతుంది, కేకు మధ్యలో ఎందుకు కుంగుతుంది, బన్ను పైన ఆ మెరుపు ఎక్కడిది అని బేకరీ మాస్టర్ ప్రాణం తోడేసేదాన్ని. చివరికి ఆయన విసిగి, "నువ్వు జర అడుగుడు బంద్ జేసి, చేతులు కడుక్కొని పిండి పిసుకు. అదే జెప్తది," అన్నాడు. పిసికాను. కొంత చెప్పింది, కొంత ఇంకా చెప్పలేదు.

నాకు రోజుకు వంద ప్రశ్నలైతే, మా అమ్మమ్మకు బతుకంతటికీ ఒకటే ప్రశ్న. దాన్ని ఆమె ముప్పై ఏళ్లు మోసింది.

అమ్మమ్మది జఫర్‌గఢ్ దగ్గర పల్లె. ఆ పల్లెలో ఒక మిషన్ ఉండేది. చర్చి, దాని పక్కన బడి, వెనక ఫాదర్ ఉండే బంగ్లా. ఆ ఫాదర్ ఇటలీ దేశం నుంచి కుర్రతనంలోనే ఓడెక్కి వచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి. ఊళ్లో అందరికీ ఆయన పెద్ద ఫాదర్. తెలుగు ఊళ్లోవాళ్ల దగ్గరే నేర్చుకున్నాడు కాబట్టి మాట అచ్చం మా మాటే. కళ్లు మూసుకుని వింటే పక్కింటి కాపాయన మాట్లాడుతున్నట్టే ఉండేది. ఆయనకు వండిపెట్టే పని మా అమ్మమ్మది. పొద్దున చాయ్ మొదలు రాత్రి చారు దాకా ముప్పై ఏళ్లు ఆమె చేతి వంటే తిన్నాడు.

తిన్నాడు సరే, రుచిగా ఉండి తిన్నాడా, ఓర్చుకుని తిన్నాడా? ఇదే అమ్మమ్మ ప్రశ్న.

ఎందుకంటే ఆయన ఏనాడూ ఒక్క మాట అనలేదు. బాగుందని అనలేదు, బాగాలేదని అనలేదు. పెట్టింది తిని, కంచం తనే కడుక్కుని, వెళ్లిపోయేవాడు. ముఖం చూసి పోల్చుకుందామంటే ఆ ముఖంలో ఏదీ కనిపించేది కాదు. అమ్మమ్మ ఊరుకునే రకం కాదు. ఒకనాడు కావాలనే పప్పులో ఉప్పు వెయ్యలేదు. తిన్నాడు. ఇంకోనాడు కూరలో రెండింతలు కారం కొట్టింది. తిన్నాడు, రెండు గ్లాసుల నీళ్లు తాగాడు, సైకిలెక్కి పక్క పల్లెకు పోయాడు. పైగా ఉపవాసకాలం వచ్చిందంటే ప్రసంగంలో నాలుకను గెలిచినవాడే దేవుని దగ్గరికి పోతాడని చెప్పేవాడు. వెనక వరసలో కూర్చున్న అమ్మమ్మకు అది తన వంట గురించే చెప్పినట్టు అనిపించేది.

"నా కూడు ఆయనకు ఉపాసం లెక్కనే ఉన్నదేమో బిడ్డా," అనేది నాతో. "ముప్పై ఏండ్లు ఒక మనిషిని ఉపాసమే ఉంచిన్నేమో."

"అడిగితే పోలా?" అనేదాన్ని నేను.

"ఎట్లడుగుతనే? అడిగితె బాగుందనే అంటడు. దేవుని మనిషి గాదూ."

మోకాళ్లు పట్టేశాక అమ్మమ్మ పని మానుకుంది. ముసలితనం మీదపడ్డాక పెద్ద ఫాదర్‌ను మహబూబాబాద్‌లోని మిషన్ ఇంటికి తీసుకుపోయారు. మా వాళ్లకు అది మానుకోటే. ప్రశ్న ప్రశ్నగానే మిగిలిపోయింది.

తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న రోజులవి. బస్సులు డిపోల్లో ఆగిపోయాయి, రైళ్లు పట్టాల మీద నిలబడ్డాయి, బడులు మూతపడ్డాయి. మా నాయిన భూపాలపల్లిలో బొగ్గుబాయి కార్మికుడు. బొగ్గు తవ్వేవాళ్లు సమ్మెలో దిగేసరికి కరెంటుకు కటకటైంది. "మీ నాయిన ఆడ గూసుంటె ఈడ నా కరెంటు బుగ్గ ఎలుగుతలేదు," అని అమ్మమ్మ దెప్పేది, కానీ ఆ దెప్పడంలో గర్వమే ఎక్కువ వినిపించేది. జనగామలో మా బేకరీ కూడా షట్టర్ దించింది. తెరిచిన మైదా, అడుగున మిగిలిన కోకో పొడి, కాఫీ పొడి డబ్బా పురుగు పట్టిపోతాయని మాస్టర్ నా సంచిలో పోసి పంపాడు. నేను దొరికిన ఆటో ఎక్కి, దొరకని చోట నడిచి, అమ్మమ్మ ఊరు చేరాను. మూడోనాడు మానుకోట మిషన్ నుంచి ఒక సిస్టరమ్మ ఫోన్ చేసింది.

పెద్ద ఫాదర్‌ను ఆయన దేశానికి పంపేస్తున్నారట. ఎనభై దాటాయి, ఇక్కడి దవాఖానలతో అయ్యేలా లేదు, అక్కడైతే ముసలి ఫాదర్లను చూసుకునే ఇల్లుంది. మళ్లీ రావడమన్నది ఉండదు. ఈపాటికి పోవాల్సిందే గాని రైళ్లు లేక ఆగారట. వారం లోపల ఏదో ఒక కారు కుదిర్చి హైదరాబాద్ పంపిస్తారు. అన్నం సరిగా ముట్టడం లేదు, నువ్వొకసారి వచ్చి చూసిపో అని చెప్పింది.

అమ్మమ్మ ఫోన్ పెట్టేసి చాలాసేపు గడపలో కూర్చుంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు, లెక్కలేసుకుంటున్నట్టు వేళ్లు ఆడిస్తోంది.

"బిడ్డా, వాళ్ల దేశంల తీపి ఏముంటదే?"

నా జబ్బు ఆ ప్రశ్నకే లేచి కూర్చుంది. బేకరీలో ఎసెన్సు సీసాలతో పాటు వచ్చిన రంగుల పుస్తకం ఒకటుండేది. అందులో ఒక పేజీని చూసి చూసి నలిపేశాను. తిరామిసు అని పేరు. ఇటలీ దేశపు సంప్రదాయ తీపి అని కింద రాసి ఉంది. చిక్కటి కాఫీలో ముంచిన మెత్తటి బిస్కట్లు ఒక పొర, మీగడలాంటి తెల్లటి జున్ను ఒక పొర, కాస్త మద్యం చుక్క, పైన జల్లించిన కోకో. దాన్ని నేను కంటితో చూసింది లేదు, నోట పెట్టింది లేదు. కానీ ఎలా ఉంటుందో ఊహించి ఊహించి నాలుక మీద ఒక రుచి తయారై కూర్చుంది. అంతా చెప్పాను.

"గది జెయ్యి," అంది అమ్మమ్మ. "ఆయన గది తినేటప్పుడు నేను ఎదురుంగ నిలవడి సూస్త. పుట్టిన దేశం తిండి తింటె మనిషి ముఖం ఎట్లయితదో ఎరుకైతది గదా. ఇగ నాకు యాదికి తెచ్చుకునుడే పని. గా ముఖం నా కంచం ముందల ఎన్నడన్న సూసిన్నా, సూడలేదా."

ఏడో తరగతితో చదువాగిన మనిషి. కాలేజీ లాబొరేటరీలో మూడేళ్లు పరీక్షనాళికలు కడిగిన నాకు ఇంత మంచి ప్రయోగం ఒక్కటీ తట్టలేదు. పోయినవాడు మళ్లీ రాడు కాబట్టి ఈ వారమే ఆఖరు అవకాశం. జవాబు ఆయనతో పాటు విమానం ఎక్కితే అమ్మమ్మ మిగిలిన బతుకంతా ఆ గడపలో ఇలాగే వేళ్లు ఆడిస్తూ కూర్చుంటుందని భయమేసింది.

పుస్తకంలో ఉన్నట్టు చేస్తే కుదరదని వెంటనే తెలిసిపోయింది. ఫ్రిజ్జు లేదు, ఉన్నా కరెంటు లేదు. పొరలు పొరలుగా పేర్చిన మీగడ మానుకోట చేరేలోపు మజ్జిగవుతుంది. కాబట్టి ఆ రుచులన్నిటినీ బన్నులోకి చుట్టేద్దామనుకున్నాను. మెత్తటి తీపి పిండిని చాపలా పరిచి, కాఫీ, చక్కెర, మీగడ ముద్ద పూసి, చుట్టి, ముక్కలు కోసి కాల్చడం. బన్నయితే ఎంత దూరమైనా వస్తుంది.

పిండి పొంగడానికి ఈస్టు కావాలి. జఫర్‌గఢ్‌లో తెరిచున్న రెండు కొట్లలో ఒకాయన ఆ పేరే వినలేదన్నాడు, రెండో ఆయన వంటసోడా చేతిలో పెట్టాడు. ఇంటికొచ్చి నెత్తి పట్టుకు కూర్చుంటే అమ్మమ్మ అడిగింది, ఈస్టంటే ఏంది, అది పిండిలో ఏం చేస్తుంది అని. చెప్పాను. కంటికి కనపడని పురుగులు, చక్కెర తిని గాలి వదులుతాయి, ఆ గాలికి పిండి ఉబ్బుతుంది.

"గంతేనా? కల్లుకుండ నురుగు గడ్తది గదా, గది గూడ గిదే పని గదా!"

ఎగిరి గంతేశాను. పుస్తకంలో మద్యం చుక్క కూడా ఉంది మరి. ఒక దెబ్బకు రెండు పిట్టలు. పరుగున పోయి ఊరి మొదట్లోని కల్లు దుకాణంలో ఒక సీసా తెచ్చి, గోరువెచ్చగా చేసి, మైదాలో పోసి పిసికి, గుడ్డ కప్పి పెట్టాను. గంట చూశాను, రెండు గంటలు చూశాను. సాయంత్రానికి కూడా ముద్ద పొద్దున ఎలా పెట్టానో అలాగే ఉంది. వేలితో గుచ్చితే గుంట పడి అలాగే ఉండిపోయింది. అమ్మమ్మ వచ్చి వాసన చూసి ఒకటే నవ్వు.

"దుకాణంల తెచ్చినవా? గది చెట్టు మీదికెళ్లి దిగింది గాదే, మత్తుమందు కలిపింది. తాగినోన్నే పండవెడ్తది, నీ పిండిని పండవెట్టదా?"

ఊళ్లోవాళ్లందరికీ తెలిసిన సంగతి నాకెందుకు తట్టలేదో ఇప్పటికీ సిగ్గే. పురుగులు బతికుంటేనే కదా గాలి వదిలేది. మర్నాడు తెల్లవారగానే అమ్మమ్మ నన్ను తాటివనంలోకి తీసుకుపోయి, అప్పుడే చెట్టు దిగి మోకు విప్పుతున్న గౌడాయనను ఆపి, లొట్టి కుండలోంచి నేరుగా చెంబులోకి పోయించింది. చెంబుకు చెవి ఆనిస్తే లోపల సన్నగా చిటపటలు వినిపించాయి. ఆ కల్లు పోసిన పిండి పొద్దెక్కేసరికి గుడ్డను ఎత్తేసింది. అమ్మమ్మా నేనూ దాని ముందు గొంతుక్కూర్చుని చూశాం, పసిపిల్ల నిద్రలో ఊపిరి తీస్తుంటే చూసినట్టు.

జున్ను సంగతి అమ్మమ్మే తేల్చింది. బర్రెపాల మీగడను సన్నసెగ మీద వేడిచేసి, నిమ్మకాయ పిండి, పలచటి గుడ్డలో మూటకట్టి చిలక్కొయ్యకు వేలాడదీసింది. నీళ్లు కారిపోయి లోపల మిగిలిన ముద్ద వెన్నకన్నా మెత్తగా, కాస్త పుల్లగా ఉంది. కాఫీ పొడిని చెంచాడు నీళ్లలో కరిగించి, చక్కెర వేసి, పాకం వచ్చేదాకా మరిగించాను. ఊళ్లో అందరిదీ చాయ్ నోరే. ఆ వాసనకు పక్కింటావిడ గోడమీంచి తొంగిచూసి, ఏమన్నా మాడిందా అని అడిగింది. పిండిని పీటమీద పరిచి, పాకం పూసి, పైన మీగడ ముద్ద రాసి, బొంత చుట్టినట్టు చుట్టి, కత్తితో అయితే అణిగిపోతుందని దారంతో కోశాను. ప్రతి ముక్కలో గోధుమరంగు, తెలుపు సుడులు సుడులుగా వచ్చాయి. అమ్మమ్మ ఒక ముక్కను వెలుగుకు తిప్పి తిప్పి చూసి, ముగ్గేసినట్టున్నదని మురిసిపోయింది.

బట్టీ లేదు కదా. పెద్ద గంజు గిన్నెలో అడుగున ఇసుక పోసి, కట్టెల పొయ్యి మీద కాగబెట్టి, ఇసుకలో ఒక ఇనుప ముక్కాలి పెట్టి, దానిమీద బన్నుల పళ్లెం ఉంచి, మూతమీద నిప్పులు పోశాం. మొదటి వాయి అడుగు నల్లబడింది, పైన తెల్లగా ఉండిపోయింది. కింద మంట తగ్గించి పైన నిప్పులు పెంచితే రెండో వాయి కుదిరింది. మూత తీసేసరికి వచ్చిన వాసన గురించి ఇప్పుడు రాయడానికి కూడా మాటలు వెతుక్కుంటున్నాను. కాఫీ చేదు, చక్కెర మాడిన తీపి, వెనకెక్కడో కల్లు పులుపు. పైన కోకో జల్లాను. పద్దెనిమిది బన్నులు వచ్చాయి.

ఒకటి విరిచి అమ్మమ్మ నోట్లో పెట్టాను. నమిలి, మింగి, ఆలోచించింది.

"చేదున్నది, తియ్యగున్నది. ఏడుపూ నవ్వూ ఒక్కపారే వచ్చినట్టున్నది," అంది. నేను మాత్రం రెండు తిని మూడోదానికి చెయ్యి చాపితే చేతిమీద ఒక్కటిచ్చింది.

మర్నాడు పొద్దున్నే బయల్దేరాం. బన్నులు స్టీలు డబ్బాలో, మా సద్ది టిఫినులో. అమ్మమ్మ అన్నం, పచ్చిపులుసు, ఎల్లిపాయ కారం కట్టింది. బస్సులెలాగూ లేవు. కేసముద్రం మార్కెట్టుకు ఖాళీ గోనెసంచులు తీసుకుపోతున్న లారీ ఒకటి దొరికింది. సంచుల మీద అమ్మమ్మను కూర్చోబెట్టి, డబ్బా ఒళ్లో పెట్టుకుని నేను కూర్చున్నాను. దారి పొడుగునా ఊరూరా టెంట్లు, పాటలు, డప్పులు. కేసముద్రం ఇంకా కొంత దూరం ఉందనగా లారీ ఆగిపోయింది. రోడ్డుకు అడ్డంగా రాళ్లపొయ్యిలు పెట్టి, పెద్ద పెద్ద గిన్నెల్లో అన్నమూ పప్పూ వండుతున్నారు. నడిరోడ్డు మీదే వండి అక్కడే తిని నిరసన తెలపడాన్ని వంటావార్పు అనేవాళ్లు. ఆ రోజుల్లో ఏ రోడ్డు మీద పోయినా ఏదో ఒక చోట ఆకలి తీరేది.

దిగక తప్పలేదు. పప్పన్నం పెట్టారు. డబ్బా మూత సందులోంచి వాసన వచ్చిందేమో, గరిటె తిప్పుతున్న ఒకావిడ మా వైపు తిరిగింది.

"ఏందవ్వా గా డబ్బల? కాఫీ వాసనొస్తంది. కాఫీ ఆంధ్రోళ్లది గదా, మనది చాయ్ గదా!"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అమ్మమ్మ పప్పన్నం ముద్ద నోట్లో ఉండగానే జవాబు చెప్పింది.

"కాఫీ ఎవలదో నాకెరుక లేదు గని, దీన్ని పొంగిచ్చిన కల్లు మాత్రం జఫర్‌గఢ్ తాటిచెట్టుది."

నవ్వులు రెండింతలయ్యాయి. ఎవరికి తీసుకుపోతున్నారంటే చెప్పాం. మెడలో గులాబీ కండువా వేసుకున్న పడుచువాడొకడు, "ఇటలి ఫాదరా? లోకలా, నాన్ లోకలా అవ్వా?" అని వేళాకోళమాడాడు. అందరూ నవ్వినా అమ్మమ్మ నవ్వలేదు. చెయ్యి కడుక్కుని లేచి నిలబడింది.

"ముప్పై ఏండ్లు నా చేతి కూడు తిన్నడు. లోకలో కాదో తేల్చుకునేటందుకే పోతున్న. తొవ్వ ఇయ్యుండ్రి."

ఆ పిల్లవాడు నాలుక కరుచుకుని తనే రాళ్లు పక్కకు జరిపాడు. అమ్మమ్మ డబ్బా తెరిచి ఆరు బన్నులు తీసి వాళ్లకు పంచింది. నా ప్రాణం ఉసూరుమంది, కాని పప్పన్నం తిన్నాక కాదనలేం కదా. కేసముద్రంలో లారీ దిగి ఆటో ఎక్కి, మధ్యాహ్నానికి మానుకోట మిషన్ చేరాం.

పెద్ద ఫాదర్ భోజనాల గదిలో బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. ఎదురుగా కంచంలో ముట్టని అన్నం. మనిషి సగమయ్యాడు. తెల్లటి అంగీలో భుజాలు ఎక్కడున్నాయో తెలియలేదు. అమ్మమ్మను చూడగానే మాత్రం కళ్లు వెలిగాయి.

"వచ్చినవా అమ్మా? మోకాళ్లెట్లున్నయ్? బస్సుల్లేవు గదా, ఎట్లొచ్చిన్రు?"

"గోనెసంచుల మీద వచ్చినం ఫాదర్. మీకోసం మీ దేశం తీపి తెచ్చినం."

సిస్టరమ్మ ఒక పళ్లెం తెచ్చింది. నేను రెండు బన్నులు పెట్టాను. అమ్మమ్మ వెళ్లి ఆయనకు సరిగ్గా ఎదురుగా, తలుపు పక్కన, పాత రోజుల్లో నిలబడినట్టే నిలబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, కళ్లు మాత్రం ఆయన ముఖం మీదే. ఆయన బన్నును వాసన చూశాడు. ఒక పాయ విప్పి నోట్లో పెట్టుకున్నాడు. మెల్లగా నమిలాడు. ముఖం ముప్పై ఏళ్లుగా ఎలా ఉందో అలాగే ఉంది.

"గిదేంది బిడ్డా?" అన్నాడు నావైపు తిరిగి.

నేను గడగడా చెప్పాను, పుస్తకంలో ఉన్నదంతా. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"నేనెన్నడు ఇనలే. మాది గుట్టల మీది పల్లె. మా అవ్వ దినాం మక్కపిండి గటక ఉడకవెట్టేది. కాఫీ అంటె పండుగనాడు ఇంత."

"మక్క గటకనా?" అంది అమ్మమ్మ, కొంగు జారిపోయింది. "ఇటలిలనా?"

"మరేమనుకున్నవ్? గటకనే."

తరవాత చాలా కాలానికి వాకబు చేస్తే తెలిసింది, ఆ తీపి అంత పాతదేమీ కాదు. చాలామంది చెప్పేదాని ప్రకారం, ఈయన ఓడెక్కి వచ్చేసిన కొన్నేళ్లకు అక్కడెక్కడో హోటల్లో పుట్టిందట. పుట్టిన దేశపు రుచి అని మోసుకొచ్చింది ఆయన ఎన్నడూ ఎరగని రుచి. ప్రయోగం మొత్తం మట్టిపాలు. చూడాల్సిన ముఖం ఇక ఎవరూ చూడలేరు. అమ్మమ్మ వైపు చూడడానికి నాకు ధైర్యం చాలలేదు.

ఆయన మాత్రం ఇంకో రెండు పాయలు తిన్నాడు. తిని, చేతులు తుడుచుకుని, అమ్మమ్మ వైపు చూసి అన్నాడు:

"బాగుందమ్మా. చాన బాగుంది."

ముప్పై ఏళ్లలో వినని మాట! నేను పొంగిపోయాను. ఆయన మిగిలిన బన్నులను జాగ్రత్తగా కాగితంలో చుట్టి, సాయంత్రం అందరం తింటామని సిస్టరమ్మకు ఇచ్చాడు. తరవాత బల్ల కింద నేను పెట్టిన టిఫిను వైపు చూశాడు.

"గది మీ సద్దా?"

అమ్మమ్మ జవాబు చెప్పేలోపే ఆయన వంగి టిఫిను దగ్గరికి లాక్కున్నాడు. ముట్టని కంచాన్ని పక్కకు నెట్టి, మా అన్నం ఇంకో కంచంలో పెట్టుకుని, పచ్చిపులుసు పోసుకుని కలిపాడు. రోడ్డు మీద ఎవరెవరు కనిపించారు, వానలు పడ్డాయా, పత్తి ఎట్లుంది, మిషన్ బాయిలో నీళ్లున్నాయా అని అడుగుతూ తిన్నాడు. ఎల్లిపాయ కారం వేలితో అద్దుకుని తిన్నాడు. అన్నం అయిపోయాక కంచం ఎత్తి అడుగునున్న పులుసు తాగాడు. కొన్నాళ్లుగా అన్నం సరిగా ముట్టని మనిషి మా ఇద్దరి సద్దీ ఊడ్చేశాడు. దాని గురించి మంచీ అనలేదు, చెడ్డా అనలేదు. లేచి, పంపు దగ్గరికి గోడ పట్టుకుని నడిచి, కంచం తనే కడిగి బోర్లించాడు.

మేం బయల్దేరేటప్పుడు అమ్మమ్మ తలమీద చెయ్యి పెట్టి, "పోయొస్త అమ్మా," అన్నాడు. రాడని ఇద్దరికీ తెలుసు.

గేటు దాటాం. నేనే ఆగలేక అన్నాను.

"పోనీలే అమ్మమ్మా, ఆఖరికి బాగుందన్నడు గదా. ముప్పై ఏండ్లకు ఒక్కపారన్న అన్నడు."

అమ్మమ్మ నడక ఆపి నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.

"మీ తాత ఉన్నన్ని దినాలు నా కూర బాగుందని ఎన్నడన్న అన్నడానే? మీ నాయిన మీ అవ్వతోని అంటడా? ఎవలన్న లగ్గానికి పిలిస్తె పోయి తిని అంటరు బాగుందని. ఇంట్ల ఎవలంటరు?"

కళ్లనిండా నీళ్లు, ముఖం నిండా నవ్వు. కొంగుతో తుడుచుకుంటోంది, అవి ఆగడం లేదు.

"గా బన్ను సుట్టాలింటి తిండి లెక్క, గందుకే బాగుందన్నడు. ముప్పై ఏండ్లల్ల ఒక్కనాడు గూడ నన్ను పరాయిదాన్ని జెయ్యలే బిడ్డా," అంటూ మానుకోట నడిబజార్లో నిలబడి ఏడ్చింది.